సెంటినలీలకు హాస్టల్ సీటు వద్దు

2018 నవంబర్ నెల. నేను ఈ హాస్టల్లోనే పదో తరగతి చదువుతున్నాను. సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు వరండాలో పేపరు కోసం తోసుకునేవాళ్ళం. ఆ రోజు పేపర్లో ఒక అమెరికా యువకుడు అండమాన్ దగ్గర ఒక దీవిలో ఆదివాసుల బాణాలకు చనిపోయాడని వార్త పడింది. "బట్టలు కూడా కట్టుకోరంట్రా" అని ఒకడు, "మనుషుల్ని తింటారంట" అని ఇంకొకడు. (తినరు. అది పాత ఓడల కాలం నుంచి నడుస్తున్న కట్టుకథ.) రాత్రి భోజనాల లైన్లో కూడా అదే కబుర్లు.

ఆ ఏడాది వార్షికోత్సవానికి వక్తృత్వ పోటీలో ఈ విషయమే అంశంగా ఇచ్చారు. ఆదిమ తెగలను నాగరికతలోకి తీసుకురావాలా, వద్దా? నేను తీసుకురావాలి అనే వైపు మాట్లాడాను. "వాళ్ళకీ బడి కావాలి, వాళ్ళకీ ఆసుపత్రి కావాలి, మనలాగే వాళ్ళ పిల్లలకీ హాస్టల్లో సీటు కావాలి" అని గొంతు పెంచి ముగించాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఫస్ట్ ప్రైజ్ కింద స్టీలు క్యారేజీ ఇచ్చారు. ఆ క్యారేజీ ఇప్పటికీ మా నాన్న పనికి పట్టుకెళ్తున్నాడు.

ఇప్పుడు ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. సంచికకి ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆ ప్రసంగమే. అందులో నేను చెప్పింది తప్పు. ఎందుకు తప్పో ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళకీ, ఇప్పుడు అదే వరండాలో పేపరు చదువుతున్న తమ్ముళ్ళకీ చెప్పాలనిపించింది.

ఆ దీవి పేరు నార్త్ సెంటినల్. పోర్టుబ్లెయిర్‌కి (2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మార్చారు) పడమటగా సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. వైశాల్యం దాదాపు 60 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఒక చిన్న మండలం అంత కూడా ఉండదు. అక్కడ ఉండేవాళ్ళు ఎంతమందో ఎవరికీ సరిగ్గా తెలియదు. 2011 జనాభా లెక్కల్లో 15 మంది అని రాశారు. అది దూరంగా పడవలో నిలబడి, ఒడ్డున కనబడిన తలకాయలు లెక్కపెట్టిన సంఖ్య. వాళ్ళ భాష బయటివాళ్ళు ఎవరికీ రాదు. తమను తాము ఏమని పిలుచుకుంటారో కూడా తెలియదు. సెంటినలీలు అన్నది మనం పెట్టిన పేరు.

పేపర్లలో తరచుగా "రాతియుగపు మనుషులు" అని రాస్తుంటారు. ఇదొక పొరపాటు. 1981లో ప్రిమ్‌రోజ్ అనే సరుకుల ఓడ ఆ దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బల మీద చిక్కుకుంది. సిబ్బందిని హెలికాప్టర్లో తీసుకెళ్ళారు, ఓడ అక్కడే ఉండిపోయింది. దాని ఇనుమును సెంటినలీలు తీసుకుని బాణాలకు మొనలు చేసుకున్నారు. కొత్త వస్తువు కనబడితే పనికొచ్చేది ఏదో చూసుకుని వాడుకునే తెలివి వాళ్ళకుంది. మనం అంటే వాళ్ళకి తెలియక దూరంగా ఉన్నారు అనుకోకండి. తెలిసే దూరంగా ఉన్నారని అనుకోవడానికి గట్టి కారణం ఉంది.

1880 జనవరిలో మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి ఆయుధాలతో మనుషుల్ని వెంటబెట్టుకుని ఆ దీవిలో దిగాడు. వాళ్ళు వచ్చే చప్పుడుకి దీవివాళ్ళు అడవిలోకి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు వెతికాక ఒక ముసలి జంట, నలుగురు పిల్లలు దొరికారు. ఆరుగుర్నీ పోర్టుబ్లెయిర్ తీసుకొచ్చారు. మంచి చేద్దామనే తెచ్చాడట! వచ్చిన కొద్ది రోజులకే అందరికీ జబ్బు చేసింది. ముసలాయన, ముసలామె చనిపోయారు. నలుగురు పిల్లల్ని బోలెడు బహుమతులిచ్చి మళ్ళీ దీవిలో వదిలేశారు. ఈ సంగతి పోర్ట్‌మనే 1899లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పిల్లలు బహుమతులతో పాటు ఏ జబ్బు మోసుకెళ్ళారో, దీవిలో తర్వాత ఎంతమంది పోయారో రాసినవాళ్ళు లేరు. ఆ పిల్లలు పెద్దవాళ్ళకి ఏం చెప్పి ఉంటారో మాత్రం మనం ఊహించుకోవచ్చు. ఓడ వస్తే బాణం పట్టుకోమని చెప్పి ఉంటారు.

ఇక నా హాస్టల్ సీటు సంగతికి వస్తాను. నేను 2018లో గొంతు చించుకుని అడిగిన హాస్టల్‌ని బ్రిటిష్‌వాళ్ళు 1860లలోనే కట్టేశారు. 1858లో వాళ్ళు పోర్టుబ్లెయిర్‌లో ఖైదీల స్థావరం మొదలుపెట్టారు. (1879 రంప పితూరీలో పట్టుబడిన మన ఏజెన్సీ మనుషుల్ని కూడా ఆ దీవులకే పంపారు. ఒక అడవివాళ్ళను శిక్షించడానికి ఇంకొక అడవివాళ్ళ నేలను వాడుకున్నారన్నమాట.) అప్పటికి ఆ చుట్టుపక్కల గ్రేట్ అండమానీలు అనే పది తెగలవాళ్ళు ఉండేవారు. మొత్తం అయిదు వేల మంది వరకు ఉంటారని అంచనా. వాళ్ళను మచ్చిక చేసుకోవడానికి "అండమాన్ హోమ్" అని ఒకటి పెట్టారు. తిండి పెట్టారు, బట్టలిచ్చారు, ఇంగ్లీషు నేర్పారు. అంటే మెస్సు ఉంది, యూనిఫాం ఉంది, స్టడీ అవర్ ఉంది. ఆ హోమ్ నుంచే రోగాలూ పాకాయి. 1877లో తట్టు వచ్చి గుంపులు గుంపులుగా చనిపోయారు. హోమ్‌లో పుట్టిన పసిపిల్లల్లో రెండేళ్ళు దాటి బతికినవాళ్ళు లేరని చరిత్రకారులు రాశారు. 1901 జనాభా లెక్కలకు ఆ పది తెగలూ కలిపి 625 మంది మిగిలారు. 1951 నాటికి 23 మంది.

2010 జనవరిలో బోవా సీనియర్ అనే ముసలమ్మ చనిపోయింది. "బో" అనే భాష మాట్లాడే చివరి మనిషి ఆమె. ఆమెతో పనిచేసిన భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ ఆ గొంతును రికార్డు చేసి దాచారు. చివరి సంవత్సరాల్లో తన భాషలో మాట కలపడానికి ఆమెకు ఒక్క మనిషి లేడు. మనం హాస్టల్లో చేరిన మొదటి వారం ఇంటి మీద బెంగతో దుప్పటి కప్పుకుని ఏడ్చిన వాళ్ళమే కదా. ఇంటికి వెళ్ళినా తన మాటకు బదులు చెప్పేవాళ్ళు లేని పరిస్థితిని ఆలోచించండి.

తట్టుకే ఇంతమంది చనిపోవడమేమిటి అని మీకు అనుమానం రావచ్చు. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు సంక్రాంతి సెలవుల నుంచి వచ్చిన ఒకడు ఆటలమ్మ మోసుకొచ్చాడు. పది రోజుల్లో మా డార్మిటరీలో సగం మందికి ఒళ్ళంతా పొక్కులు. వేపాకులు పరుచుకుని పడుకున్నాం, ఇళ్ళకు పంపేశారు, తగ్గాక తిరిగొచ్చాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే అలాంటి జబ్బులతో మన పూర్వీకులు వేల ఏళ్ళు కలిసి బతికారు. చిన్నప్పుడు కొన్ని వచ్చిపోతాయి, కొన్నిటికి టీకాలు వేస్తారు, చూడడానికి అమ్మ ఉంటుంది, పీహెచ్‌సీలో నర్సమ్మ ఉంటుంది. ఆ జబ్బు ముఖమే ఎరగని చోటికి అది వెళ్తే సగం డార్మిటరీతో ఆగదు. చిన్నా పెద్దా అందరూ ఒకేసారి పడిపోతారు. అప్పుడు వేటకు వెళ్ళేవాడు ఉండడు, నీళ్ళు తెచ్చేవాడు ఉండడు. జబ్బుతో కొందరు, ఆకలితో కొందరు పోతారు. దానికి మనకు రోగం ఉండనక్కరలేదు, మనకు లెక్కలోకి రాని జలుబు చాలు.

ఈ వాదన విన్న మా రూమ్మేట్ ఒకడు ఒక మాట అన్నాడు. "అన్నీ సరే గానీ, మనుషుల్ని దూరంగా ఉంచాలని నువ్వు చెబుతున్నావా? మన తాతల్ని ఊరికి దూరంగా ఉంచినవాళ్ళు కూడా అదే కదా చెప్పారు?"

నిజం చెప్పాలంటే ఆ మాటకి రెండు రోజులు జవాబు దొరకలేదు. ఈ సంచిక చదివేవాళ్ళలో చాలామంది ఊరికి ఆ చివర ఉన్న పేటల నుంచి వచ్చినవాళ్ళమే. "దూరంగా ఉండు" అన్న మాట మన ఇళ్ళల్లో ఎవరికీ కొత్త కాదు. మా తాత బావి దగ్గర ఎవరైనా వచ్చి నీళ్ళు పోసేదాకా కుండ పట్టుకుని నిలబడేవాడట. మా ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటివాణ్ణి నేను. ఆ మెట్టు నాకు దొరికింది ఈ హాస్టల్ వల్లే. కాబట్టి "వాళ్ళని అలాగే ఉంచండి" అనే మాట ఎవరు చెప్పినా మనం అనుమానంగా చూడాల్సిందే. చాలాసార్లు ఆ మాట వెనక దురుద్దేశమే ఉంటుంది.

అయితే వెలి వేరు, సెంటినలీలు ఉన్న తీరు వేరు. మన పెద్దలు బావి దగ్గరికి వెళ్ళారు, బడి దగ్గరికి వెళ్ళారు, గుడి దగ్గరికి వెళ్ళారు. తలుపు తట్టారు. లోపలివాళ్ళు తియ్యలేదు. సెంటినలీల విషయంలో తలుపు వాళ్ళది, గడియ లోపలినుంచి వాళ్ళు పెట్టుకున్నారు. బయట నిలబడి తోస్తున్నది మనం. ఈ రెండూ ఒకటి అనడం వెలివేసినవాడినీ, తన గుడిసె తలుపు మూసుకున్నవాడినీ ఒకటి అనడమే.

చనిపోయిన ఆ అమెరికా యువకుడి గురించి కూడా ఒక మాట. అతను క్రైస్తవ ప్రచారకుడు. మా పేటలో మొదటి పలకలు పంచింది మిషన్ వాళ్ళే. మా నాన్నమ్మకి రెండు అక్షరాలు వచ్చాయంటే వాళ్ళ చలవే. అందుకే అతన్ని ఎగతాళి చేసే రాతలు నాకు నచ్చలేదు. కానీ మా పేటవాళ్ళు తమంతట తాము నడిచి వెళ్ళి మా పిల్లలకు చదువు చెప్పండని అడిగారని నాన్నమ్మ చెప్పేది. ఇతన్ని ఎవరూ పిలవలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడే బాణం వేసి వద్దన్నారు. అయినా మళ్ళీ వెళ్ళాడు. అతన్ని రహస్యంగా పడవలో దించడానికి జాలర్లకు ఇచ్చింది పాతిక వేల రూపాయలని అప్పట్లో పేపర్లు రాశాయి. అరెస్టయినవాళ్ళలో ఎక్కువమంది ఆ పేద జాలర్లే. అతని శవాన్ని తేవడం మానుకోవడం ప్రభుత్వం చేసిన మంచి పని. దానికోసం పోలీసులు దిగి ఉంటే ఎన్ని శవాలు లేచేవో.

2025 మార్చిలో మరో అమెరికావాడు వెళ్ళాడు. వయసు 24, ఇంచుమించు నా ఈడువాడే. ఒడ్డున కాసేపు ఉండి, ఒక కొబ్బరికాయ, ఒక డైట్ కోక్ డబ్బా పెట్టి, వీడియో తీసుకుని వచ్చాడు. పోలీసులు అరెస్టు చేశారు. ఇతనికి దేవుడి సంగతి కూడా అక్కర్లేదు, వీడియో చాలు. ఇక ముందు వచ్చేవాళ్ళలో ఈ రకమే ఎక్కువ ఉంటారని నా భయం.

అందరూ బాణాలే చూశారా అంటే అదీ కాదు. 1991 జనవరి 4న మధుమాల ఛటోపాధ్యాయ్ అనే మానవశాస్త్రవేత్త ఉన్న ప్రభుత్వ బృందం పడవలో వెళ్ళి కొబ్బరికాయలు నీళ్ళలోకి వదిలితే సెంటినలీలు వచ్చి తీసుకున్నారు. ఆ తర్వాత చేతుల్లోంచి కూడా అందుకున్నారు. అంతకు ముందు 1974లో సినిమా తీసేవాళ్ళు ఒడ్డున బొమ్మనూ, బతికున్న పందినీ వదిలితే రెంటినీ పొడిచి ఇసకలో పాతిపెట్టారు. డైరెక్టరు తొడకి బాణం దిగింది. అంటే ఎవరు వస్తున్నారు, ఏం తెస్తున్నారు అనేది వాళ్ళు చూసి తేల్చుకుంటున్నారు. కొబ్బరికాయలు పుచ్చుకున్నారు గానీ, రండి కూర్చోండి అనలేదు. 1990ల మధ్యకు వచ్చేసరికి ప్రభుత్వమే ఆ కానుకల ప్రయాణాలు మానేసింది. దూరం నుంచి కన్నేసి ఉంచాలి, చెయ్యి వెయ్యకూడదు అన్నది ఇప్పటి పద్ధతి. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత వాళ్ళు ఉన్నారో లేదో చూడడానికి హెలికాప్టర్ వెళ్తే ఒక మనిషి ఒడ్డున నిలబడి దానికి బాణం ఎక్కుపెట్టాడు. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. సముద్రం మీద పుట్టి పెరిగిన జాలరి పల్లెలకే ఆ రోజు ప్రాణనష్టం తప్పలేదు. వాళ్ళు ఎలా తప్పించుకున్నారో గానీ, వాళ్ళకి మన పాఠం అవసరమైనట్టు కనబడలేదు.

నా వాదనకి ఎదురు నిలబడే సంగతి ఒకటుంది, దాచడం న్యాయం కాదు. అది జరావాల కథ. దక్షిణ, మధ్య అండమాన్ దీవుల పడమటి అడవుల్లో ఉండే జరావాలు కూడా ఒకప్పుడు బాణాలు వేసినవాళ్ళే. 1996లో కాలు విరిగిన ఒక జరావా కుర్రాణ్ణి పోర్టుబ్లెయిర్ ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచి నయం చేసి పంపారు. 1997 నుంచి వాళ్ళే అడవి దాటి రావడం మొదలుపెట్టారు. 1999లో వాళ్ళలో తట్టు వచ్చింది, డాక్టర్లు అందుబాటులో ఉండడంతో నిలబడ్డారు. 2001లో 240 అన్న లెక్క 2011లో 380 అయింది. చూశావా, పరిచయం అయినా పెరిగారు కదా అంటారు. నిజమే, సంతోషం. అయితే ఇక్కడ మొదటి అడుగు వేసింది వాళ్ళు. ఆ అడుగు పడేసరికి డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. సెంటినలీలు రేపు తామే పడవ కట్టుకుని వస్తే కూడా అలాగే ఆసుపత్రి సిద్ధంగా ఉండాలి, నేను కాదనను.

జరావాల కథలో డాక్టరుతో పాటు రోడ్డు కూడా ఉంది. మా మావయ్య తాపీమేస్త్రి. మా వైపు నుంచి, అంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి, కూలి పనికీ, వేటకీ వెళ్ళి ఆ దీవుల్లో స్థిరపడిన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. మావయ్య విశాఖలో ఓడెక్కి వెళ్ళి కొన్నేళ్ళు అక్కడ పనిచేశాడు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ ఆపి, వరసగా పోలీసు కాపలాతో జరావా అడవి గుండా పంపుతారు. "బస్సులో అందరూ అద్దాలకి అతుక్కుపోయేవోరు. జూలో పులి కనబడినట్టు కేకలు. బిస్కెట్లు ఇసిరేవోరు, అరటిపళ్ళు ఇసిరేవోరు. నాను కూడా ఓ పాలి ఇసిరాను రా, అబద్ధమెందుకు" అని మావయ్య చెప్పాడు. ఆ అండమాన్ ట్రంక్ రోడ్డును జరావా అడవిలో మూసెయ్యమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మూయలేదు. 2012లో ఒక బ్రిటిష్ పత్రిక వీడియో బయటపెట్టింది. తిండి ఆశ చూపి జరావా ఆడపిల్లల చేత నాట్యం చేయిస్తున్నారు. మా మావయ్య ఆ వీడియో ఎవరి ఫోన్లోనో చూసి, ఆ తర్వాత అండమాన్ కబుర్లు చెప్పడం తగ్గించాడు.

ఇప్పుడు అసలు పెద్ద ప్రమాదం ఒంటరిగా పడవేసుకుని వచ్చేవాడితో కాదు. గ్రేట్ నికోబార్ దీవి మన దేశానికి దక్షిణపు కొస. అక్కడి అడవిలో షోంపెన్‌లు అనే తెగ ఉంది, 2011 లెక్కల్లో 229 మంది. వాళ్ళలో చాలామంది బయటివాళ్ళతో పెద్దగా కలవరు. ఆ దీవిలో గలతియా బే దగ్గర పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ కట్టడానికి 2022 నవంబర్‌లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి అందులో పోతుంది. మూడున్నర లక్షల మంది వచ్చి ఉంటారని లెక్క. అదే నెలలో అక్కడి నికోబారీల గిరిజన మండలి, అంతకు ముందు ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకుంది. షోంపెన్‌లను అడిగినవాళ్ళెవరు? అడిగినా వాళ్ళకి "ట్రాన్స్‌షిప్‌మెంట్ పోర్టు" అనే మాట ఏ భాషలో చెబుతారు?

"ఉద్యోగాలొస్తాయి కదన్నా" అని ఇంటర్ చదివే తమ్ముడొకడు అడిగాడు. రావచ్చు. దేశ రక్షణకు అవసరమనే వాదన కూడా ఉంది, అది తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. కానీ 229 మంది ఉన్న చోటికి లక్షల మంది వచ్చాక వాళ్ళను కాపాడతామని కాగితం మీద రాస్తే నాకు 1860ల నాటి హోమ్ గుర్తొస్తోంది. ఆ రోజు కూడా కాగితం మీద మంచి మాటలే రాసుకున్నారు.

మరి ఏం చెయ్యాలి? కొత్తగా చట్టమేమీ అక్కర్లేదు. ఆదిమ తెగల రక్షణకు 1956లోనే అక్కడ చట్టం చేశారు. నార్త్ సెంటినల్ చుట్టూ అయిదు నాటికల్ మైళ్ళ లోపలికి ఎవరూ పోకూడదు. ఉన్నదాన్ని సడలించకుండా ఉంటే చాలు. 2018 ఆగస్టులో, అంటే ఆ అమెరికా యువకుడు వెళ్ళడానికి మూడు నెలల ముందే, విదేశీయులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేని 29 దీవుల జాబితాలో నార్త్ సెంటినల్ పేరు కూడా చేర్చారు. 1956 చట్టం నిషేధం అలాగే ఉన్నా, ఇలాంటి ఉత్తర్వు చూసినవాడికి దారి తెరిచారనే అనిపిస్తుంది. కాపలా పడవలు పెరగాలి. 2006లో ఇద్దరు జాలర్లు రాత్రి పడవలో నిద్రపోతే అది కొట్టుకుపోయి దీవికి చేరింది, ఇద్దరూ చనిపోయారు. వాళ్ళను చంపింది సెంటినలీలే అయినా, పీతల కోసం నిషేధించిన నీళ్ళలోకి ప్రాణాలకు తెగించి పోవాల్సిన బతుకు ఆ జాలర్లకు ఎందుకు వచ్చిందో ఎవరూ అడగలేదు. చుట్టుపక్కల వేటాడేవాళ్ళకి టీకాలు, మంచి లంగరు, సాయంత్రానికి ఇల్లు చేరేలా గిట్టుబాటు ధర దొరికితే అది సెంటినలీలకు కూడా రక్షణే. అక్కడ వేటకు వెళ్ళేవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు కాబట్టి ఈ మాట మన ఊళ్ళలో కూడా చెప్పుకోవాలి.

ఈ ఏడు వార్షికోత్సవానికి వక్తృత్వ పోటీకి జడ్జిగా రమ్మన్నారు. అంశం ఇంకా ఖాయం కాలేదంటే, నా పాత అంశమే మళ్ళీ పెట్టమని అడిగాను. 2018లో నేను రాసుకున్న ప్రసంగం మూడు పేజీలు, లాంగ్ నోట్‌బుక్కులోంచి చింపినవి, నా దగ్గర ఇంకా ఉన్నాయి. వద్దు అనే వైపు మాట్లాడే తమ్ముళ్ళు ముందుగా వచ్చి అడిగితే ఇస్తాను. వరసగా ఖండించుకుంటూ పోవచ్చు.